దేవదాసు నవలకు అంత పేరు న్యాయమేనా?

(మన సంఘం నెలవారీ సాహిత్య గోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠం)



కిందటి నెల సమావేశం ముగిశాక టీ తాగుతూ ఇద్దరు మిత్రులు వాదులాడుకోవడం మీలో చాలామంది విన్నారు. ఒకరు, దేవదాసుని మించిన ప్రేమకథ మన దేశంలో పుట్టలేదన్నారు. రెండోవారు, "తాగుబోతు కథకి ఇంత గొప్పేమిటండీ? నాగేశ్వరరావు వెయ్యకపోతే ఆ పుస్తకం పేరు మనలో ఎవరికి తెలుసు?" అన్నారు. వాళ్లిద్దరి మధ్యా కూర్చున్న పాపానికి అధ్యక్షులవారు తీర్పు చెప్పే పని నా నెత్తిన పెట్టారు. నేను ముప్ఫై మూడేళ్లు ట్రెజరీలో పనిచేసినవాణ్ణి. బిల్లు చూడకుండా సంతకం పెట్టే అలవాటు లేదు. అందుకని దాదాపు యాభై ఏళ్ల తర్వాత ఆ నవలను మళ్లీ మొదటినుంచీ చదివి మీ ముందుకు వచ్చాను.

చదివాక నాకు కలిగిన మొదటి భావం ఆశ్చర్యం. నాకు బాగా గుర్తున్నాయనుకున్నవి చాలా అందులో లేవు. దేవదాసు పక్కన కుక్క లేదు. పార్వతి పరుగెత్తుకొస్తుంటే ఆమె ముఖం మీద మూసుకునే పెద్ద గేటు లేదు. పార్వతి, చంద్రముఖి ఒకరినొకరు ఎన్నడూ చూసుకోలేదు. ఇక పాటల సంగతి చెప్పనే అక్కర్లేదు. అంటే ఇన్నేళ్లుగా నేను తలుచుకుని నిట్టూర్చింది నవలను కాదు, సినిమాను. మీలోనూ చాలామంది పరిస్థితి ఇదేనని నా అనుమానం.

అందులో మన తప్పు కూడా లేదు. ఈ కథ 1928లో మూకీగా వచ్చింది. 1935లో ప్రమథేశ్ బారువా బెంగాలీలో తీశారు, మరుసటి ఏడు సైగల్‌తో హిందీలో తీశారు. 1953లో వేదాంతం రాఘవయ్య గారి దర్శకత్వంలో అక్కినేని, సావిత్రి నటించిన మన తెలుగు చిత్రం వచ్చింది. సి.ఆర్. సుబ్బరామన్ సంగీతం, సముద్రాల వారి సాహిత్యం, ఘంటసాల గొంతు కలిసి దేవదాసుని బెంగాలీవాడని మరిపించేశాయి. 1955లో బిమల్ రాయ్, 1974లో విజయనిర్మల, 2002లో భన్సాలీ తీశారు. 2009లో అనురాగ్ కశ్యప్ కథను ఈ కాలానికి మార్చి తీశారు. ఇన్నిసార్లు తెరకెక్కిన నవలలు మన దేశంలో అరుదు. కనుక "ఈ కీర్తిలో నవల వాటా ఎంత?" అన్న రెండో మిత్రుడి ప్రశ్న న్యాయమైనదే.

ముందు రచయిత గురించి నాలుగు మాటలు. శరత్ చంద్ర చటోపాధ్యాయ 1876లో హుగ్లీ జిల్లా దేవానందపూర్‌లో పుట్టారు. బాల్యంలో ఎక్కువ భాగం భాగల్పూరులో మేనమామల ఇంట గడిచింది. పేదరికం వల్ల చదువు ముందుకు సాగలేదు. 1903లో బర్మా వెళ్లి, రంగూన్‌లో ప్రభుత్వ అకౌంట్స్ ఆఫీసులో గుమాస్తాగా ఏళ్లతరబడి పనిచేశారు. అంటే ఆయన మన కులస్థుడే అన్నమాట! (నవ్వులు) 1916లో ఆ ఉద్యోగం వదిలి బెంగాలుకు తిరిగి వచ్చారు. 1938లో కలకత్తాలో కన్నుమూశారు.

దేవదాసు పుస్తకంగా వచ్చింది 1917లో. కానీ రాసింది అంతకు చాలా ముందు, 1900 ప్రాంతంలో. అప్పటికి ఆయనకు పాతికేళ్లు నిండలేదు. బర్మా వెళ్లేముందు రాతప్రతులను మిత్రుల దగ్గర వదిలేశారు. తర్వాత వాళ్లు అచ్చుకిద్దామంటే, ఈ నవల విషయంలో ఆయన సుముఖంగా లేరు. సొంత పుస్తకం మీద సొంత రచయితకే మొహమాటం ఉందన్నమాట. దీన్ని మనం మొదటి సాక్ష్యంగా నమోదు చేసుకుందాం.

మన తెలుగువారికి శరత్ బాబు పరాయివాడు కాదు. చక్రపాణి గారు, బొందలపాటి శివరామకృష్ణ గారు మొదలైనవారు ఆయన రచనలను ఎంత చక్కగా అనువదించారంటే, ఆయన తెలుగు రచయితేనని నమ్మినవాళ్లు మా ఊళ్లోనే ఉండేవారు. 1957లో వచ్చిన తోడికోడళ్లు, 1961లో వచ్చిన బాటసారి ఆయన కథలే. ఈ అభిమానాన్ని కాసేపు పక్కన పెట్టి, నవల మీద నాకు తోచిన అభ్యంతరాలు ముందు చెబుతాను.

మొదటి అభ్యంతరం నాయకుడు. దేవదాసు జమీందారు కొడుకు. ఒక్క పూట కష్టపడి సంపాదించినవాడు కాడు. తండ్రి పోయాక వాటాకు వచ్చిన ఆస్తిని తాగి తగలేశాడు. ఒక పని మొదలుపెట్టి పూర్తిచేసినట్టు నవల మొత్తం మీద ఎక్కడా కనిపించదు.

రెండోది, చెరువు గట్టు మీద జరిగిన సంఘటన. పార్వతికి వేరే సంబంధం కుదిరాక దేవదాసు పశ్చాత్తాపంతో వస్తాడు. ఆమె ఆత్మాభిమానంతో ఎదురు మాట్లాడుతుంది. చేతిలో ఉన్న గాలపు కర్రతో అతను ఆమె నుదుటి మీద కొడతాడు, రక్తం కారుతుంది. ఆ మచ్చ తన గుర్తుగా ఉంటుందని అంటాడు కూడా. చిన్నప్పుడు ఇది చదివి నా ఒళ్లు పులకరించిందని ఒప్పుకోవడానికి ఇవాళ సిగ్గుపడుతున్నాను. ఈ డెబ్భై ఏళ్ల వయసులో, ఇద్దరు మనవరాళ్ల తాతగా చదివితే, ఆడపిల్లను కర్రతో కొట్టినవాడికి రచయిత పెద్దపీట వేశాడే అని కోపం వచ్చింది.

మూడోది, నవల రెండో సగం హడావుడిగా నడుస్తుంది. చంద్రముఖిలో అంత పెద్ద మార్పు కొద్ది పుటల్లో జరిగిపోతుంది. చివర రచయిత కథను ఆపి, స్వయంగా ముందుకు వచ్చి, అతని కోసం జాలిపడమని మనల్ని అడుగుతాడు. జాలి పుట్టించడం రచయిత పని, అడిగి పుచ్చుకోవడం కాదు. తర్వాతి కాలంలో శ్రీకాంత్, గృహదహనం రాసిన చెయ్యి ఈ పొరపాటు చేసి ఉండేది కాదేమో.

ఇన్ని లోపాలుండగా ఇంక పాస్ చెయ్యడానికి ఏముందని మీరడగవచ్చు. ఇక్కడ మా అక్కయ్య మాట చెప్పాలి.

మా అక్కయ్యను 1962లో, పదహారో ఏట, నలభైకి దగ్గరపడిన రెండో పెళ్లివాడికి ఇచ్చారు. అప్పటికే ఆయనకు ఇద్దరు పిల్లలు. మా నాన్నగారు చెడ్డవారు కారు, చేతిలో డబ్బు లేనివారు. ఐదారేళ్ల తర్వాత ఒక సంక్రాంతికి ఆవిడ పుట్టింటికి వచ్చింది. నేనప్పుడు పి.యు.సి. చదువుతున్నాను. గ్రంథాలయం నుంచి దేవదాసు తెచ్చి, ఏడ్చి, మా అక్కయ్య కూడా ఏడవాలని ఇచ్చాను. ఆవిడ రెండు మధ్యాహ్నాల్లో చదివేసింది. ఏడవలేదు. పుస్తకం నా చేతికిస్తూ, "ఒరేయ్ తమ్ముడూ, వాడు పోగానే కథ అయిపోయిందన్నాడు రాసినాయన. పార్వతికి మర్నాడు పొద్దున్నే లేచి పనుంటుందిరా. ఆ సంగతి ఎవరు రాస్తారు?" అంది. ఒక పేజీ మూల మడిచి ఉంచింది. ఏముందా అని చూస్తే అది దేవదాసు పేజీ కాదు. పార్వతి అత్తవారింటికి వచ్చాక, తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నాడని అలిగిన సవతి కూతురు యశోదకు, తన ఒంటి మీది నగలు తీసి పెట్టే ఘట్టం. "ఇది మాత్రం తెలిసి రాశాడు" అంది. నేను నవ్వేశాను. ఆవిడ ఇప్పుడు లేదు. మొన్న మళ్లీ ఆ పేజీకి వచ్చినప్పుడు పుస్తకం కాసేపు మూసి పెట్టాల్సి వచ్చింది.

అక్కయ్య మాట గుర్తుపెట్టుకుని చదివితే ఈ నవల వేరే నవల అయిపోతుంది. దేవదాసు మీంచి చూపు పార్వతి మీదికి మళ్లించండి. చిన్నప్పుడు బడినుంచి పారిపోయి వెదురు పొదల్లో దాక్కున్న దేవదాసుకి మరమరాలు తీసుకెళ్లి ఇచ్చేది ఆమె. దాచమని అతనిచ్చిన మూడు రూపాయల్ని ముగ్గురు వైష్ణవ స్త్రీలకు తలా ఒకటి ఇచ్చేసేదీ ఆమే. పెద్దయ్యాక ఇద్దరిలో ధైర్యం చేసిందెవరు? పదమూడేళ్ల పార్వతి అర్ధరాత్రి ఒంటరిగా జమీందారు ఇంట్లోకి నడిచి వెళ్లి, అతని గది తలుపు తీసి, నీ పాదాల దగ్గర చోటివ్వమని అడిగింది. పరువు పోతుందని తెలిసే వెళ్లింది. ఆ క్షణంలో అతను గాభరాపడి అడిగింది, ఎవరైనా చూశారా అని! ఈ ఒక్క ఘట్టం చాలు, శరత్ చంద్రుడు ఎవరి పక్షాన నిలబడి రాశాడో తెలియడానికి.

తర్వాత ఏం జరిగింది? ఇంట్లోవాళ్లు ఒప్పుకోలేదు. కారణం చూడండి. పార్వతి వాళ్లది కన్యాశుల్కం పుచ్చుకునే ఇల్లు, అంటే తక్కువ ఇల్లు. పైగా ఇరుగుపొరుగు. ఇద్దరూ బ్రాహ్మణులే అయినా హెచ్చుతగ్గులు! గురజాడ వారిని చదివిన మనకు ఈ లెక్క వేరే చెప్పక్కర్లేదు. దేవదాసు తండ్రిని ఎదిరించలేక కలకత్తా వెళ్లిపోయి, నిన్ను నేను అంతగా ప్రేమించలేదని పార్వతికి ఉత్తరం రాశాడు. ఉత్తరం పంపించాక మనసు కుదుట పడలేదు. పరుగెత్తుకొచ్చేసరికి ఆలస్యమైంది.

మిత్రులారా, నా దృష్టిలో నవలంతా ఆ ఉత్తరంలోనే ఉంది. విధి విడదీసిన ప్రేమికుల కథ కాదు ఇది. చెప్పవలసిన ఒక్క మాటను చెప్పవలసిన రోజున చెప్పలేకపోయిన ఒక కుర్రవాడి కథ. ఆ మాట చెప్పడానికి అతనికి డబ్బుంది, చదువుంది, మగపుట్టుక ఉంది. లేనిదల్లా వెన్నెముక. అవేమీ లేని పార్వతికి, ఊరు వెలివేసిన చంద్రముఖికి అది ఉంది. చంద్రముఖి తన వృత్తి మానేసి, పల్లెటూళ్లో మట్టి ఇంట్లో కాపురం పెట్టి, అతని జాడ కోసం నడిచి వెళుతుంది. మళ్లీ కలకత్తా వచ్చి వెతికి, రోడ్డు మీద పడి ఉన్నవాణ్ణి తెచ్చి సేవ చేస్తుంది. దేవదాసు చెయ్యలేని పనులన్నీ ఈ ఇద్దరు ఆడవాళ్లూ చేశారు. 1900 నాటి బెంగాలులో పాతికేళ్లు నిండని కుర్రాడు ఇది చూడగలిగాడంటే అది చిన్న విషయం కాదు.

చావు సంగతి కూడా చూడండి. తెర మీద దేవదాసు చావుకు పాట ఉంది, వాయిద్యాలున్నాయి, అందం ఉంది. పుస్తకంలో ఉన్నది కాలేయం చెడిన రోగి. జ్వరంతో, ముసలి నౌకరు ధర్మదాసు నిద్రపోతుండగా, పాండువా స్టేషనులో ఒంటరిగా రైలు దిగుతాడు. ఎప్పటికైనా నీ గుమ్మానికి వస్తానని పార్వతికిచ్చిన మాట కోసం ఎడ్లబండిలో బయల్దేరి, రాత్రివేళ ఆమె అత్తవారింటి ముందున్న రావిచెట్టు కింద పడిపోతాడు. తెల్లవారాక ప్రాణం పోతుంది. ఎవరి మనిషో తెలియక ఊళ్లోవాళ్లెవరూ శవాన్ని ముట్టుకోరు. జేబులోని ఉత్తరాలే అతని చిరునామా. దహనమైనా సరిగా జరగదు. పార్వతికి తెలిసేసరికి అంతా అయిపోయింది. తాగుడును ఇంత అందవికారంగా చూపిన రచయితను, తాగుడుకు గౌరవం తెచ్చాడని నిందించడం సబబు కాదు.

మరి ఆ గౌరవం ఎవరు తెచ్చారు? దీనికి జవాబుగా మన ఆఫీసు సంగతి ఒకటి మనవి చేసుకుంటాను. పేరు, ఊరు చెప్పను, దయచేసి ఎవరూ ఊహించవద్దు.

నా సర్వీసులో ఒక చోట నాతోపాటు పనిచేసిన ఒకాయనకు చిన్నప్పుడెప్పుడో ఒక ప్రేమ విఫలమైందని చెప్పుకునేవారు. సాయంత్రం అయ్యేసరికి తాగేవాడు. కొన్నాళ్లకు మధ్యాహ్నానికే తాగేవాడు. మంచి మనిషి, బాగా పాడేవాడు. మేమందరం ఆయన్ని "దేవదాసు గారు" అని పిలిచేవాళ్లం. ఆ పేరు ఆయనకూ ఇష్టమే. ఆలస్యంగా వస్తే హాజరు వేసేవాళ్లం, రాకపోతే సర్దేవాళ్లం, ఫేర్‌వెల్ పార్టీల్లో ఆ పాటలే పాడమని అడిగేవాళ్లం. అదంతా స్నేహమనుకున్నాం. నలభై ఆరో ఏట ఆయన పోయాడు. ఫ్యామిలీ పెన్షన్ కాగితాల కోసం ఆయన భార్య ఇద్దరు పిల్లలతో ఆఫీసుకు వచ్చింది. ఫారాలు నేనే నింపాను. వేలిముద్రలు, ఫొటోలు అన్నీ అయ్యాక ఆవిడ లేచి నిలబడి, "ఆయన్ని మీరంతా దేవదాసు అనేవారట కదండీ. మరి నన్నేమనేవారు?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. ఆ కథలో ఆవిడకు పాత్రే లేదు. నవలలో దేవదాసుకి పెళ్లి కాలేదు. నిజజీవితంలో మనం దేవదాసులని ముద్దుగా పిలిచిన వాళ్లకు చాలామందికి భార్యలున్నారు, ఫీజులు కట్టవలసిన పిల్లలున్నారు. మనం పుస్తకంలోని జ్వరాన్ని వదిలేసి, సినిమాలోని పాటను పట్టుకున్నాం. ఒక జబ్బుకు అందమైన పేరు పెట్టి, మందు ఇప్పించడం మానేశాం. ఆ పాపంలో నా వాటా నేను ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

నవలకు ఇందులో బొత్తిగా వాటా లేదా? కొంచెం ఉంది. ఇందాక చెప్పిన ఆ చివరి వేడుకోలు ఉందే, అది లేకపోతే పాఠకుడు తన తీర్పు తాను చెప్పుకునేవాడు. రచయిత అన్నీ చూశాడు, అన్నీ చూపించాడు, చివర్లో తనే మెత్తబడ్డాడు. ఆ ఒక్క మెత్తదనాన్ని సినిమాలు పదింతలు చేశాయి. శరత్ బాబు ఈ పుస్తకం అచ్చుకివ్వడానికి ఎందుకు మొహమాటపడ్డారో, నాకిప్పుడు కొంత అర్థమవుతున్నట్టుంది.

ఇక తీర్పు. మన పద్ధతిలోనే చెబుతాను. ఈ నవల "మహా ప్రేమకావ్యం" అని పెట్టిన బిల్లు నేను పాస్ చెయ్యలేను. అభ్యంతరంతో వాపసు చేస్తున్నాను. దేవదాసుని ఆదర్శ ప్రేమికుడంటూ జతపరచిన ఓచరు చెల్లదు. అయితే, పిరికితనం ఎంతమంది బతుకుల్ని కాలుస్తుందో, ఆస్తీ అంతస్తూ లెక్కలు ఆడపిల్ల జీవితాన్ని ఎలా తేలుస్తాయో చెప్పిన పుస్తకంగా, పార్వతి, చంద్రముఖి అనే ఇద్దరు స్త్రీలను మనకిచ్చిన పుస్తకంగా దానికి రావలసిన పేరు రావలసిందే. ఆ మొత్తం మంజూరు చేస్తున్నాను. మిగిలిన కీర్తి ఘంటసాల గారికి, నాగేశ్వరరావు గారికి, సావిత్రి గారికి చెందుతుంది. వారికి అది ఎక్కువేమీ కాదు. కనుక టీ దగ్గర వాదించుకున్న మిత్రులిద్దరికీ చెరి సగం గెలుపు.

చివరగా ఒక విన్నపం. సినిమా చూసి నవల చదివినట్టే అనుకున్నవాళ్లు మనలో ఉంటే, ఒకసారి పుస్తకం తెచ్చుకోండి. చిన్న నవలే, రెండు మధ్యాహ్నాలు చాలు. కానీ ఈసారి పార్వతితో కలిసి చదవండి. ఇంట్లో ఆడవాళ్లకూ ఇవ్వండి. వాళ్లు ఏ పేజీ మూల మడుస్తారో చూడండి. దేవదాసు అని మనం ఎవరినైనా పిలుస్తున్నామా అని కూడా ఒక్కసారి ఆలోచించండి. అలాంటివారు ఎవరైనా ఉంటే, పాట పాడమని అడగకుండా చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

నవంబరులో లైఫ్ సర్టిఫికెట్లు ఇచ్చే హడావుడిలో పడేలోగా వచ్చే నెల గోష్ఠిలో మళ్లీ కలుసుకుందాం.